సేవా క్లబ్బు వారపు సమావేశం: సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం

రోటరీ, లయన్స్ వంటి సేవా క్లబ్బుల సభ్యులు నియమం తప్పకుండా ఒక రోజున, ఒక చోట కలుస్తారు. ఏదో ఒక ప్రసంగం వింటారు, చేయబోయే పని గురించి మాట్లాడుకుంటారు, కలిసి తిని ఇళ్లకు వెళ్తారు. దీన్నే వారపు సమావేశం అంటారు. క్లబ్బుల్లో వాడుక మాట ‘వీక్లీ మీటింగ్’. బయటివాళ్లకు క్లబ్బంటే కంటి శిబిరం, రక్తదానం, బడిపిల్లలకు నోటు పుస్తకాలు, మర్నాడు జిల్లా పేజీలో అచ్చయ్యే ఫోటో. సభ్యులకు మాత్రం క్లబ్బంటే ముందు ఈ సమావేశమే. శిబిరాలు ఏడాదిలో కొన్నిసార్లే జరుగుతాయి. వాటికి డబ్బు, మనుషులు, వ్యాను, డాక్టరు ఎక్కడి నుంచి వస్తారో తేలేది ఈ బల్ల దగ్గరే.

హైదరాబాద్‌కు వాయవ్యాన ముంబై రహదారి వెంట రామచంద్రాపురం నుంచి సదాశివపేట దాకా పరుచుకున్న ఫ్యాక్టరీల ప్రాంతంలో ఈ సమావేశానికి మరో పని కూడా పడింది. నాలుగు దిక్కుల నుంచి వచ్చి ఒకే రోడ్డు మీద బతుకుతున్నవాళ్లను ఒకరికొకరిని పరిచయం చేయడం ఆ పని. ఎవరిని పరిచయం చేసింది, ఎవరిని చేయలేదు అన్నదాన్ని బట్టే దాని విలువ కట్టాలి.

ప్రాంతం

1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ కర్మాగారం వచ్చింది. 1972లో పటాన్‌చెరు పక్కనే అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వెలసింది. 1970, 80 దశకాల్లో పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి వరసగా పారిశ్రామికవాడలయ్యాయి. 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం ఏర్పడింది. భానూరులో క్షిపణుల తయారీ, సదాశివపేట దగ్గర టైర్లు, జహీరాబాద్‌లో ట్రాక్టర్లు. 2008లో ఎద్దుమైలారంలోనే తాత్కాలికంగా మొదలైన ఐఐటీ తర్వాత కందికి మారింది. 2016 అక్టోబరు 11న మెదక్ నుంచి విడివడి సంగారెడ్డి జిల్లా అయింది.

ఈ ప్రాంతంలో రెండు రకాల పట్నాలున్నాయి. సంగారెడ్డి పాత జిల్లా కేంద్రం. కలెక్టరేటు, కోర్టులు, వకీళ్లు, నర్సింగ్ హోములు, బట్టల దుకాణాలు, బియ్యం వ్యాపారులు. ఇక్కడ క్లబ్బులో పక్కపక్కన కూర్చునే ఇద్దరి తండ్రులు కూడా ఒకరినొకరు ఎరిగినవాళ్లే అయ్యే అవకాశం ఎక్కువ. పటాన్‌చెరు సంగతి వేరు. అక్కడ ప్లాంటు మేనేజర్లు, లేబర్ కాంట్రాక్టర్లు, లారీల యజమానులు, చిన్న షెడ్లలో విడిభాగాలు చేసే ఇంజినీర్లు ఉంటారు. వాళ్లలో చాలామంది బదిలీ మీద వచ్చినవాళ్లు, లేదా కూకట్‌పల్లి, మియాపూర్ వైపు నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లు. అందుకే సంగారెడ్డిలో సమావేశం పాత పరిచయాన్ని నిలబెడుతుంది. పటాన్‌చెరులో పరిచయం అక్కడే మొదలవ్వాలి.

క్లబ్బులకు ముందు

ఈ నేల మీద నలుగురు కూడి మాట్లాడుకోవడం ఒకప్పుడు అంత తేలిక కాదు. నిజాం పాలనలో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ప్రకారం సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలి. ఆ ఆంక్షల నడుమే 1930లో ఆంధ్ర మహాసభ తొలి సమావేశం సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో జరిగింది. జోగిపేట ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలోనే ఉంది. అంతకు ముందు తెలంగాణలో జనం కూడడానికి దొరికిన చోట్లు గ్రంథాలయాలు, ఆర్యసమాజ సత్సంగాలు, భజన మందిరాలు. చందా వేసుకోవడం, కార్యవర్గాన్ని ఎన్నుకోవడం, లెక్క చెప్పడం, వారం వారం కూడడం ఇక్కడివాళ్లకు సేవా క్లబ్బులు నేర్పిన విద్య కాదు. క్లబ్బులు తెచ్చిన కొత్తదనం వేరే ఉంది: సభ్యుణ్ని వృత్తిని బట్టి ఎంచుకోవడం, హాజరును నియమంగా పెట్టడం.

ఆ పద్ధతి ఎక్కడిది

1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు ముగ్గురు మిత్రులతో కలిసి యూనిటీ బిల్డింగ్‌లోని ఒక ఆఫీసు గదిలో కూర్చున్నాడు. ఆ ముగ్గురిలో ఒకరు బొగ్గు వ్యాపారి, ఒకరు గనుల ఇంజినీరు, ఒకరు దర్జీ. పెద్ద నగరానికి కొత్తగా వచ్చి ఎవరూ తెలియక ఒంటరిగా ఉన్న చిన్న వృత్తుల మగవాళ్ల కూటమి అది. సమావేశం ఒక వారం ఒకరి ఆఫీసులో, మరోసారి మరొకరి ఆఫీసులో జరిగేది. రోటరీ అన్న పేరు అందుకే వచ్చింది. ఒక వృత్తికి ఒక్కరే అన్న నియమం మొదటి నుంచీ ఉండేది. కాలక్రమేణా దాన్ని సడలించారు. మొదట్లో వాళ్ల ఉద్దేశం స్నేహం, పరస్పర వ్యాపారం. సేవ తర్వాత వచ్చింది. తొలి చెప్పుకోదగ్గ సేవ 1907లో షికాగో నగరంలో ప్రజా మరుగుదొడ్ల కోసం చేసిన ప్రయత్నం. వందేళ్లు దాటినా బడుల్లో మరుగుదొడ్లు కట్టించడం ఇక్కడి క్లబ్బుల పనుల పట్టీలో ఇంకా ఉందంటే సమస్య ఎంత మొండిదో తెలుస్తుంది.

సమావేశంలో పాట పాడే అలవాటు షికాగో క్లబ్బు తొలి సభ్యుల్లో ఒకడైన ప్రింటరు హ్యారీ రగిల్స్‌ది. 1932లో హెర్బర్ట్ టేలర్ దివాలా అంచున ఉన్న తన అల్యూమినియం సామాన్ల కంపెనీ కోసం నాలుగు ప్రశ్నలు రాసుకున్నాడు. మన మాట నిజమేనా, అందరికీ న్యాయంగా ఉందా, స్నేహం పెంచుతుందా, అందరికీ మేలు చేస్తుందా అన్నది వాటి సారం. రోటరీ దాన్ని ‘ఫోర్ వే టెస్ట్’గా తీసుకుంది. ఇవాళ పటాన్‌చెరు వైపు ఏ రోటరీ సమావేశానికి వెళ్లినా దాన్ని అందరూ లేచి చదవడం వినిపిస్తుంది. ఫ్యాక్టరీ నడిపేవాళ్లకు ఆ నాలుగు ప్రశ్నలు ఊరికే చదివి కూర్చోదగ్గవి కావు. ఆ సంగతికి ముందు ముందు వద్దాం.

మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి పూనికతో 1917లో లయన్స్ ఏర్పడింది. 1925లో హెలెన్ కెల్లర్ ఒహాయోలో జరిగిన లయన్స్ మహాసభలో అంధుల పక్షాన నిలబడమని కోరారు. కంటి శిబిరాలు లయన్స్‌కు గుర్తుగా మారడం వెనక ఉన్న పిలుపు అదే. లయన్స్ సాధారణంగా నెలకు రెండుసార్లు కూడుతుంది, అంచేత కచ్చితంగా మాట్లాడితే అది వారపు సమావేశం కాదు.

ఉపఖండంలో రోటరీ 1919లో కలకత్తాలో మొదలైంది. లయన్స్ 1956లో బొంబాయిలో అడుగుపెట్టింది. ఇదే నమూనాను తెలుగువాళ్లు సొంతం చేసుకున్న ఉదాహరణ వాసవి క్లబ్బులు. 1961లో కల్వకుంట్ల చంద్రసేన గుప్తా హైదరాబాద్‌లో వాటికి నాంది పలికారు. ఆర్యవైశ్యుల సంస్థే అయినా గవర్నర్లు, జోన్ చైర్మన్లు, ఏటా మారే కార్యవర్గం, ప్రమాణ స్వీకారం అంతా సేవా క్లబ్బుల ఫక్కీలోనే ఉంటుంది. రోటరీ లెక్కలో తెలంగాణ 3150వ జిల్లా కిందికి వస్తుంది. రోటరీ జిల్లాకూ రెవెన్యూ జిల్లాకూ సంబంధం లేదు. కొత్త సభ్యులు మొదటి నెల రోజులు ‘డిస్ట్రిక్ట్ గవర్నర్’ అంటే ఎవరో ప్రభుత్వ అధికారి అనుకుంటారు.

ఒక సమావేశం నడిచే తీరు

సాయంత్రం ఏడున్నరకని ప్రకటిస్తారు. ఎనిమిదికి మొదలైతే ఆ క్లబ్బు క్రమశిక్షణ గలదే. వేదిక ఏదైనా హోటల్ హాలు, కల్యాణ మండపంలో చిన్న గది, లేదా స్తోమత ఉంటే క్లబ్బు సొంత భవనం. గోడకు బ్యానరు, బల్ల మీద గంట, చిన్న సుత్తి. అధ్యక్షుడు గంట కొడితే సభ మొదలైనట్టు. ప్రార్థన, ఫోర్ వే టెస్ట్, కిందటి సమావేశం వివరాలు, కార్యదర్శి ప్రకటనలు ఒకదాని వెంట ఒకటి సాగుతాయి. సభ్యుల పేరుకు ముందు ‘రొటేరియన్’, ‘లయన్’ అని తగిలించడం మర్యాద. బయట ‘అన్నా’, ‘డాక్టర్ సాబ్’ అని పిలుచుకునే ఇద్దరు మైకు ముందుకు రాగానే ‘రొటేరియన్ ఫలానా గారు’ అయిపోతారు. భాష కూడా అంతే. ప్రకటనలు ఇంగ్లీషులో, చమత్కారాలు తెలుగులో, పాత సంగారెడ్డివాళ్ల పక్క మాటలు ఉర్దూ కలిసిన తెలుగులో నడుస్తాయి.

ఆ వారంలో వచ్చే పుట్టినరోజులు, పెళ్లిరోజులు చదువుతారు. పెళ్లిరోజు సభ్యుడు భార్యతో సహా వస్తే పూలగుత్తి ఇస్తారు. అతను ఆ సంతోషంలో క్లబ్బు నిధికి కొంత ప్రకటిస్తాడు. ఆలస్యంగా వచ్చినవారికి, బ్యాడ్జి మరిచినవారికి సరదాగా జరిమానా వేసే బాధ్యత రోటరీలో ‘సార్జెంట్ ఎట్ ఆర్మ్స్’ది, లయన్స్‌లో ‘టెయిల్ ట్విస్టర్’ది. చూడ్డానికి పిల్లలాటే. కాకపోతే ఫ్యాక్టరీలో నలభై మందికి పైఅధికారిగా ఉండే మనిషి ఇక్కడ టై కట్టుకురానందుకు నవ్వుతూ డబ్బు కడతాడు. ఆ పది నిమిషాలైనా హోదా పక్కకు తొలగుతుంది.

ప్రధాన ఘట్టం అతిథి ప్రసంగం. ఇరవై నిమిషాలు అడుగుతారు, నలభై అవుతుంది. పారిశ్రామిక ప్రాంతం కావడం ఇక్కడ లాభించింది. ఇక్రిశాట్‌లో జొన్న, కంది, శనగ మీద పనిచేసే శాస్త్రవేత్త, ఐఐటీ అధ్యాపకుడు, కార్మిక చట్టాలు తెలిసిన న్యాయవాది, గుండె వైద్యుడు, పోలీసు అధికారి వంటి వక్తలు అరగంట ప్రయాణంలో దొరుకుతారు. మామూలు తాలూకా పట్నం క్లబ్బుకు ఈ సౌకర్యం ఉండదు. దాన్ని వాడుకునే క్లబ్బులూ ఉన్నాయి. ఏటా మధుమేహం మీదా, పన్ను ఆదా మీదా చెప్పించి సరిపెట్టేవీ ఉన్నాయి. ప్రసంగం తర్వాత శాలువా, జ్ఞాపిక, ఫోటో. వందన సమర్పణ, జాతీయ గీతం, మళ్లీ గంట.

అసలు సమావేశం ఆ తర్వాత మొదలవుతుందని పాత సభ్యులు అంటారు. ప్లేట్లు పట్టుకుని నిలబడ్డప్పుడే ఒకరి కొడుకు ఇంటర్న్‌షిప్, ఇంకొకరి అమ్మగారి మోకాలి ఆపరేషన్, మూడోవారి బ్యాంకు అప్పు మాటలు దొర్లుతాయి. క్లబ్బు భాషలో దీని పేరు ‘ఫెలోషిప్’. వ్యాపారం కోసమే చేరతారన్న విమర్శకు మూలం ఇక్కడే ఉంది. అందులో కొంత నిజమూ ఉంది. షికాగోలో మొదటి ఏడాది నుంచీ ఉన్న నిజమే అది.

హాజరు

సభ్యత్వానికి హాజరే ప్రాణం అన్నది రోటరీ పాత సిద్ధాంతం. సగం సమావేశాలకైనా రావాలి. రాలేకపోతే ముందు పద్నాలుగు రోజుల్లోనో, తర్వాత పద్నాలుగు రోజుల్లోనో మరే ఊరి క్లబ్బుకైనా వెళ్లి కూర్చుంటే హాజరు కిందే లెక్కవేసేవారు. దీన్ని ‘మేకప్’ అంటారు. పని మీద ముంబైకో పుణెకో తరచూ వెళ్లే ఫ్యాక్టరీ మేనేజర్లకు ఈ నియమం అక్కరకొచ్చింది. కొత్త ఊళ్లో ఒక సాయంత్రం తెలిసినవాళ్ల మధ్య గడిచేది. వచ్చేటప్పుడు ఆ క్లబ్బు చిన్న జెండా తెచ్చి తమ గోడకు తగిలించేవారు.

ఫ్యాక్టరీ ప్రాంతంలో హాజరుకు అసలు శత్రువు షిఫ్టు. ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది గంటలకు షిఫ్టులు మారే ప్లాంటులో ఉత్పత్తి బాధ్యత చూసే మనిషి ఏ వారం కచ్చితంగా వస్తాడో చెప్పలేం. నెలాఖరు డిస్పాచ్ ఉంటే ఎవరూ రారు. దానికి తోడు హైదరాబాద్‌లో కాపురం ఉండి పటాన్‌చెరులో పనిచేసేవాళ్లు సాయంత్రం ఏడింటికి ఇంటి దారి పడతారు. ఇస్నాపూర్, ముత్తంగి కూడళ్ల దగ్గరి ట్రాఫిక్ తప్పించుకోవడం వాళ్లకు ఏ ప్రసంగం కన్నా ముఖ్యం. స్థానికంగా స్థిరపడ్డ డాక్టర్లు, దుకాణదారులు, కాలేజీల యాజమాన్యాలే క్లబ్బుకు వెన్నెముక కావడానికి ఇదొక కారణం.

సమావేశం నుంచి పుట్టే పని

కంటి శిబిరం సంగతే చూద్దాం. ఊళ్లో బడి గదిలోనో పంచాయతీ ఆఫీసులోనో పరీక్ష జరుగుతుంది. శుక్లం ముదిరినవారిని విడదీసి వ్యానులో ఆసుపత్రికి తీసుకెళ్లి, ఆపరేషన్ చేయించి, నల్ల కళ్లద్దాలు పెట్టి తిరిగి దింపాలి. ఒకప్పుడు బడి గదుల్లోనే ఆపరేషన్లు చేసేవారు. ఇన్‌ఫెక్షన్ల భయంతో ఆ పద్ధతి పోయింది. హైదరాబాద్ దోమలగూడలోని సాధూరామ్ కంటి ఆసుపత్రి లయన్స్ కట్టుకున్నదే. రోగులను ఇంటి నుంచి కదిలించడమే అన్నిటికన్నా కష్టం. కోతల కాలంలో ఎవరూ రారు. తోడు వచ్చే మనిషికి ఒక రోజు కూలీ పోతుంది. ఈ చిక్కులన్నీ తెలిసిన ఆర్ఎంపీ డాక్టరునో, బడి పంతులునో ఫోనులో పట్టుకోగలిగే సభ్యుడు ఒక్కడున్నా శిబిరం నిండుతుంది.

రక్తదానానికి ఫ్యాక్టరీ గేటు మంచి చోటు. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు ఉన్నవాళ్లు ఒకే చోట వందల్లో ఉంటారు. రాత్రి డ్యూటీ చేసి నిద్ర లేకుండా వచ్చినవారి దగ్గర మాత్రం తీసుకోకూడదు. అంచేత జనరల్ షిఫ్టు రోజు చూసుకుని, హెచ్ఆర్ మేనేజరును ఒప్పించి, బ్లడ్ బ్యాంకు వ్యానుకు తేదీ ఖరారు చేయాలి. ఆ హెచ్ఆర్ మేనేజరే క్లబ్బు సభ్యుడైతే మూడు ఫోన్లలో అయిపోతుంది. కాకపోతే మూడు నెలలు.

పోలియో విషయంలో ఈ చిన్న సమావేశాలన్నీ కలిసి ఎంత పని చేయగలవో బయటపడింది. రోటరీ 1985లో పోలియోప్లస్ మొదలుపెట్టింది. మన దేశంలో 1995 నుంచి పల్స్ పోలియో ఆదివారాలు వచ్చాయి. ఇటుక బట్టీలు, కట్టడాల దగ్గరి గుడిసెలు, ఫ్యాక్టరీల వెనక రేకుల షెడ్లు ఈ ప్రాంతంలో ఎక్కువ. ఒక విడతలో చుక్కలు వేసుకున్న బిడ్డ మరో విడతకు ఇంకో రాష్ట్రంలో ఉండవచ్చు. అలాంటి చోట్లకు వెతుక్కుంటూ వెళ్లడమే ఆ కార్యక్రమానికి కీలకమైంది. చుక్కలు వేసింది ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది, అంగన్‌వాడీ కార్యకర్తలు. క్లబ్బులు పోస్టర్లు, వాహనాలు, వాలంటీర్లను సమకూర్చాయి. దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డాలో నమోదైంది. 2014 మార్చి 27న మనకు పోలియో రహిత ధ్రువీకరణ లభించింది.

2014 ఏప్రిల్ నుంచి డబ్బు లెక్క మారింది. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీలు గడచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. అప్పటిదాకా సభ్యుల జేబుల నుంచీ, జరిమానాల నుంచీ వచ్చిన నిధితో నడిచిన క్లబ్బులకు పక్కనే పెద్ద ఫ్యాక్టరీలు ఉండటం వరమైంది. బడికి బెంచీలు, నీటి శుద్ధి యంత్రం, ప్రభుత్వ దవాఖానకు డయాలసిస్ యంత్రం వంటి పెద్ద పనులు చేతికందాయి. దానితో సమావేశం స్వభావమూ కొంత మారింది. కిందటి వారం చలివేంద్రం ఎక్కడ పెట్టాలని మాట్లాడుకున్న బల్ల దగ్గర ఈ వారం ప్రాజెక్టు నివేదికలు, వినియోగ పత్రాలు, ఆడిట్ మాటలు. చలివేంద్రం గురించి తగువులాడుకున్న సాయంత్రాలే బాగుండేవన్న సభ్యులూ ఉన్నారు.

ఖాళీ కుర్చీలు

ఈ ప్రాంతంలో ఎవరి చెమట మీద పరిశ్రమ నడుస్తుందో ఆ కార్మికుడు సమావేశంలో కనిపించడు. ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, ఝార్ఖండ్‌ల నుంచి వచ్చి పాశమైలారం, ఇస్నాపూర్ వైపు ఇరుకు గదుల్లో ఉండే మనుషులు క్లబ్బుకు లబ్ధిదారులే, సభ్యులు కారు. చందా, భోజనం ఖర్చు, ఇంగ్లీషు, సాయంత్రం తీరిక ఇవన్నీ గడపలే. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది వలస కార్మికులు. అలాంటప్పుడు రక్తం, భోజనం, దుప్పట్లు అవసరమే. అయితే పనిచేసే చోట భద్రత గురించి ప్రమాదానికి ముందే అడగదగ్గ మనుషులు, అంటే యజమానులూ మేనేజర్లూ తనిఖీ తెలిసిన ఇంజినీర్లూ, ప్రతి వారం ఒకే గదిలో కూర్చునే చోట్లలో ఈ ప్రాంతంలో క్లబ్బు ఒకటి.

కాలుష్యం విషయంలోనూ అంతే. నక్కవాగులోకి చేరిన రసాయనాలు చుట్టుపక్కల పొలాలను, బావులను చెడగొట్టాయి. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు వంటివారు, రైతులు కలిసి పోరాడగా 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. క్లబ్బులు రాజకీయాలకు దూరంగా ఉండాలన్నది నియమం. కాలుష్యాన్ని రాజకీయమని పక్కన పెట్టి మొక్కలు నాటడంతో సరిపెట్టడం సులువు. ఫోర్ వే టెస్టులోని రెండో ప్రశ్న, అందరికీ న్యాయంగా ఉందా అన్నది, నక్కవాగు ఒడ్డున నిలబడి చదివితే మరోలా వినిపిస్తుంది.

మహిళల కుర్చీలు కూడా చాలాకాలం ఖాళీగానే ఉన్నాయి. భార్యలను ‘ఆన్స్’ అని పిలిచి పెళ్లిరోజు సభలకూ, కుటుంబ సమావేశాలకూ పరిమితం చేసేవారు. వారికి 1924లో మాంచెస్టర్‌లో పుట్టిన ఇన్నర్ వీల్ విడిగా ఉంది. కాలిఫోర్నియాలోని డ్వార్టే క్లబ్బు మహిళలను చేర్చుకుని బహిష్కరణకు గురైంది. 1987లో అమెరికా సుప్రీంకోర్టు ఆ క్లబ్బు పక్షాన తీర్పు చెప్పింది. రెండేళ్లకు రోటరీ ప్రపంచమంతటా నియమం మార్చింది. ఇప్పుడు డాక్టర్లు, స్కూళ్లు నడిపేవారు, చిన్న పరిశ్రమల యజమానులైన మహిళలు నేరుగా సభ్యులవుతున్నారు.

ఇటీవలి మార్పులు

2016లో రోటరీ శాసన మండలి వారం వారం కలవాలన్న పట్టు సడలించింది. నెలకు రెండుసార్లు చాలు, శిబిరంలో పనిచేయడం కూడా సమావేశం కిందే లెక్క. 2020లో కరోనా వచ్చాక కొన్ని నెలలు అంతా జూమ్‌లో నడిచింది. హాజరు పెరిగింది, భోజనం పోయింది, దానితో అసలు మాటలూ పోయాయి. పుట్టినరోజు శుభాకాంక్షలను వాట్సాప్ గ్రూపు ఎప్పుడో లాగేసుకుంది.

యువజన విభాగాల్లో రోటరాక్ట్ 1968లో, లయన్స్ వారి లియో 1957లో మొదలయ్యాయి. 30 ఏళ్లకే బయటికి పంపే రోటరాక్ట్ నియమాన్ని 2020లో ఎత్తేశారు. ఇంజినీరింగ్, మెడికల్ కాలేజీలు దండిగా ఉన్న ఈ దారిలో అలాంటి క్లబ్బు పెట్టడం తేలిక, నిలబెట్టడం కష్టం. నాలుగేళ్లకు సభ్యులంతా వెళ్లిపోతారు, పరీక్షల నెలల్లో గది తాళమేసి ఉంటుంది. హాస్టల్లో ఉండేవాళ్లు రాత్రి కూడా కూర్చోగలరు. రోజూ వచ్చిపోయే విద్యార్థుల సమావేశం మాత్రం కాలేజీ బస్సు కదిలేలోపే ముగియాలి.